గౌరమ్మ కూర్చున్న ఇల్లు అమ్మకానికి

కార్తీకం మొదలైన రోజున భీమశంకరరావు ఇంటి అరుగు మీద గౌరమ్మను కూర్చోబెట్టారు. అదే రోజున ఆ ఇంటి పిట్టగోడకు మైకు కట్టారు. గౌరమ్మ మట్టిబొమ్మ. ఆమె వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. తంటా అంతా మైకుతోనే వచ్చింది.

భీమశంకరరావు హార్బరులో క్రేన్ డ్రైవరు. ఎప్పుడూ రాత్రి షిఫ్టే. పగటి షిఫ్టు తనకంటే ముందు చేరినవాళ్లది. వాళ్లు రిటైరయితే తప్ప ఇతని వంతు రాదు. తెల్లవారాక కంచరపాలెంలో ఇల్లు చేరి, ఇంత అన్నం తిని పడుకోవాలి. వీధి సరిగ్గా అప్పుడే లేస్తుంది. కార్తీకంలో గౌరమ్మ సంబరం. దానికి ముందు దసరా, దసరాకు ముందు వినాయకుడు. వేసవిలో నూకాలమ్మ పండగ. పండగ లేని రోజున ఎవరింట్లోనో పేరంటం. పేరంటం కూడా లేకపోతే, మైకు పాడైందో బాగుందో చూసుకోవడానికి ఓ పూట పాటలు.

పోయిన ఆషాఢంలో క్రేను మీద అతనికి రెప్ప పడింది. పడింది క్షణమే. గోధుమ బస్తాల మోపు ఓడ ఆగిన బెర్తు అంచుకు కొట్టుకుని సగం బస్తాలు నీళ్లలో పడ్డాయి. అప్పుడు కింద మనుషులు లేరు. ఫోర్‌మన్ పక్కకు తీసుకెళ్లి, "ఈసారికి నేను చూడలేదు. ఇంకోసారి కింద మనిషి ఉంటే నేను చూడకపోయినా వాడి పెళ్లాం చూస్తుంది," అన్నాడు. ఆ మాట భీమశంకరరావు చెవిలో ఉండిపోయింది. హుక్కు దించిన ప్రతిసారీ కింద ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూడడం అలవాటైంది. అలా చూసి చూసి ఇంటికొస్తే పిట్టగోడ మీద మైకు.

అందుకని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మధురవాడలో, జీడితోట పక్కన, పైడయ్య అనే ఆసామిది ఒక ఇల్లు చూసుకున్నాడు. అక్కడ మధ్యాహ్నం కాకి అరిస్తే ఏ కొమ్మ మీద అరిచిందో చెప్పొచ్చు. డ్యూటీకి బస్సులో రావాలి. బస్సులో కూడా పడుకోవచ్చు. అయితే పైడయ్యకు ఆనందపురం నుంచి మరో బేరం వచ్చింది. "అమావాస్య దాకా మీకోసం ఆగుతాను. ఆపైన నన్ను అనకండి," అన్నాడు. కార్తీక అమావాస్య లోపల ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. లేదంటే ఆ ఇల్లు పోతుంది, నిద్ర పోతుంది, తరవాత ఇంకేం పోతుందో తలుచుకోవడానికి అతనికి ధైర్యం లేదు.

ఇంత జరుగుతున్నా, ఎందుకు అమ్ముతున్నాడో వీధిలో ఎవరికీ చెప్పలేదు. అతనిది అమలాపురం పక్క పల్లె. ఎదటివాడి పండగ మనకు గోలగా ఉందని ముఖాన చెప్పడం వాళ్ల వైపు లేదు. "భలేగా చేశారండీ" అని, ఇంట్లోకొచ్చి తలుపేసుకోవడమే ఉంది. అడిగినవాళ్లకు వాస్తు బాగాలేదని చెప్పాడు.

"నోరు తెరిచి చెప్పరేం?" అని అతని భార్య కనకరత్నం రోజూ దెబ్బలాడేది.

"ఏమని చెప్పమంటావే? మీ అమ్మవారు నన్ను పడుకోనివ్వడం లేదని చెప్పనా?"

"అమ్మవారు కాదు, మైకు అని చెప్పండి."

"వాళ్లకి రెండూ ఒకటే."

వీధి మాత్రం వాస్తు మాట నమ్మలేదు. బొగ్గు యార్డులో మేస్త్రీగా చేసే నీలకంఠం ఉత్సవాల కమిటీకి ప్రెసిడెంటు. అతను బాగా ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాడు. బాబుగారు పైఊరినుంచి వచ్చిన మనిషి. మనం ఆయన్ని మనవాడిగా చూసుకోలేదు. అందుకే నొచ్చుకుని వెళ్లిపోతున్నాడు. అంచేత ఈ ఏడు మర్యాద పెంచాలి. పెంచాడు. వెనక గోడకు రెండో మైకు కట్టించాడు.

"గౌరమ్మ కూకున్న ఇల్లు గౌరమ్మకి పుట్టిల్లు," అన్నాడు నీలకంఠం. "అంటే బాబుగోరు తండ్రి. తండ్రిని సిన్నబుచ్చితే ఎలాగ?"

"భలేగా ఉందండీ," అన్నాడు భీమశంకరరావు.

మొదటి బేరం ఒక సోమవారం వచ్చింది. ద్వారకా నగర్లో అద్దెకుండే శ్రీరామ్మూర్తి, బ్యాంకు ఉద్యోగి. ఆ రోజు సెలవు పెట్టి, భార్యనూ అక్కగారినీ వెంటబెట్టుకుని సింహాచలం వెళ్లి, అటునుంచి అటే ఇల్లు చూడడానికి వచ్చాడు. మెడలో జరీ కండువా ఉంది. చేతిలో అరటిపళ్ల అత్తం ఉంది. ఆ పళ్లే కొంప ముంచాయి.

ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. గౌరమ్మ ఈ వీధి పిల్ల. పరమేశ్వరుడు వెనక వీధి పిల్లవాడు. కార్తీకంలో ఏదో ఒక సోమవారం వెనక వీధి వాళ్లు మగపెళ్లివారై, పళ్లు పట్టుకుని, పిల్లనడగడానికి వస్తారు. ఏ సోమవారమో చెప్పరు. గుర్తుపట్టకుండా, ఊళ్లనుంచి వచ్చిన చుట్టాలను ముందు నడిపిస్తారు. వాళ్లను ఈ వీధి ఆడవాళ్లు అడ్డగించి ఎద్దేవా చెయ్యాలి. వాళ్లు మేం కాదంటే కాదని గింజుకోవాలి. ఎంత గింజుకుంటే అంత ముచ్చట. చివరికి పానకమిచ్చి లోపలికి రానిస్తారు.

శ్రీరామ్మూర్తి మలుపు తిరగగానే ఎదురింటి దేముడమ్మ చూసింది. కొళాయి దగ్గర బిందె అక్కడే వదిలేసి, నలుగురిని కేకేసి, వీధికి అడ్డంగా నిలబడింది.

"ఓలమ్మ, నడిసొచ్చినారేటి? ఎద్దేదీ?"

శ్రీరామ్మూర్తి వెనక్కి చూశాడు. "ఏ ఎద్దు?"

"ఎద్దుని కూడా అమ్ముకు తిన్నారేటి బావా?" అంది పక్కనున్న చిలకమ్మ.

"చూడండమ్మా, మేము ఇల్లు చూడడానికి వచ్చాం."

"సూత్తారు, ఎందుకు సూడరు? మీకా ఇల్లు నేదు, వాకిలి నేదు. వల్లకాట్లో కాపరం. మా గుంటని తీసికెల్లి ఏడ కూకోబెడతారు?"

అక్కగారికి ఒళ్లు మండింది. "వల్లకాడేమిటి? నోరు అదుపులో పెట్టుకో! ద్వారకా నగర్లో మేడ మీద ఉంటాం మేము."

"సొంతవా, అద్దా?"

అక్కగారు ఆగింది. ఆ ఆగడం చూసి ఆడవాళ్లంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

"సెప్పనేదా? ఇల్లు నేదు!" అంది దేముడమ్మ. "ఇల్లు నేనోడికి జరీ కండువా ఒకటి!"

మైకుల వల్ల కేకలు లోపలికి వినపడలేదు. కనకరత్నం కిటికీలోంచి చూసి తట్టి లేపితే, భీమశంకరరావు లుంగీతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, వీళ్లు వాళ్లు కారు! ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు!"

"నువ్వలాగే అంటావు బాబూ," అంది దేముడమ్మ జాలిగా. "ఆడపిల్ల తండ్రివి. మగపెళ్లోరంటే బయవుంటాది మరి."

పానకం గ్లాసులు వచ్చేసరికి శ్రీరామ్మూర్తి రిక్షా ఎక్కేశాడు. అరటిపళ్ల అత్తం మాత్రం చిలకమ్మ చేతిలో ఉండిపోయింది. ఆ సాయంత్రం అసలు మగపెళ్లివారు వచ్చారు. అప్పటికి ఆడవాళ్ల దగ్గర తిట్లు అయిపోయాయి. వాళ్లను ఊరికే లోపలికి రమ్మన్నారని వెనక వీధి వాళ్లు నొచ్చుకున్నారు.

మర్నాడు కనకరత్నం కొళాయి దగ్గర దేముడమ్మను పట్టుకుంది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఆదివారం ఇంకో బేరం వస్తోంది. వాళ్లున్నంతసేపూ వీధిలో ఎవరూ ఏమీ అనకుండా చూడు. మైకు వద్దు, పాట వద్దు, పలకరింపు కూడా వద్దు."

"అంతేనా? ఆ ముక్క ముందే సెప్తే నోళ్లు కుట్టీసుకుందుం కాదేటి?" అంది దేముడమ్మ.

సంగతి నీలకంఠం దగ్గరికి వెళ్లింది. అతను కమిటీని పిలిచి, బాబుగారి ఇల్లు అమ్మించే పూచీ వీధిదన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.

ఆదివారం దొరబాబు, పద్మావతి వచ్చారు. దొరబాబు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట ఫిట్టరు. ఇద్దరిదీ గుడివాడ. గాజువాక అవతల కొత్త క్వార్టరులో ఉంటున్నారు. వరసలో పది ఇళ్లుంటే ఇంకా ముగ్గురే దిగారు. సైటుకు వెళ్లే బస్సు కంచరపాలెం మీదుగానే పోతుంది కనక ఇక్కడ ఇల్లు చూద్దామని వచ్చారు.

వాళ్లు మలుపు తిరిగేసరికి వీధి వీధంతా మూగబోయి ఉంది. పిల్లల్ని పట్టుకెళ్లి కమిటీ షెడ్డులో కూర్చోబెట్టి, తలో గుప్పెడు మరమరాలిచ్చి తలుపు దగ్గరగా వేశారు. మైకుసెట్టు ఆపి దానిమీద గోనె కప్పారు. పేకాడేవాళ్లు ముక్కను నేల మీద కొట్టకుండా మెల్లగా దించుతున్నారు. ఆడవాళ్లు అరుగుల మీద వరసగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వచ్చినవాళ్లనే చూస్తున్నారు. నీలకంఠం ఎదురెళ్లి, దణ్ణం పెట్టి, ఏమీ అనకుండా చేత్తో దారి చూపించాడు.

భీమశంకరరావు డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. నుయ్యి చూపించాడు, వంటిల్లు చూపించాడు. దొరబాబు గోడలు తట్టి చూశాడు, దూలాలకేసి చూశాడు, బాగానే ఉందన్నాడు. భీమశంకరరావుకు ప్రాణం లేచొచ్చింది.

పద్మావతి గోడలు చూడలేదు. అరుగు మీద గౌరమ్మ పక్కన నిలబడి వీధిని చూసింది. ఎదురింటి దేముడమ్మను చూసి నవ్వి, "బావున్నారా పిన్నిగారూ?" అంది. దేముడమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల మాత్రం ఊపింది. "గౌరమ్మను ఎన్నాళ్లుంచుతారండీ?" అని చిలకమ్మను అడిగింది. చిలకమ్మ దేముడమ్మకేసి చూసింది. దేముడమ్మ కళ్లతోనే వద్దంది. చిలకమ్మ తల దించుకుంది.

పద్మావతి లోపలికొచ్చి కనకరత్నాన్ని అడిగింది. "ఈ వీధిలో ఏమన్నా జరిగిందాండీ?"

"అబ్బే, ఏమీ లేదమ్మా. ఎప్పుడూ ఇంతే."

"ఎప్పుడూనా?"

కుర్చీలో కూర్చున్న భీమశంకరరావు అందుకున్నాడు. "మా వీధి సంగతి మీరు వేరే అడగక్కర్లేదండి. చీమ చిటుక్కుమనదు. నేను వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఒక్కనాడు కూడా..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. గడ్డం గుండెల మీద ఆనింది. గురక మొదలైంది.

దొరబాబు కాసేపు చూసి లేచాడు. "పడుకోనివ్వండి. మేం మళ్లీ కబురు చేస్తాం," అన్నాడు. మళ్లీ కబురు చేస్తామన్నవాళ్లు చెయ్యరని కనకరత్నానికి తెలుసు.

వాళ్లు వీధి దాటారు. షెడ్డు తలుపు తీశారు. మరమరాలు తిన్న పిల్లలు ఒక్క పెట్టున కేకలేస్తూ బయటపడ్డారు. బాబుగారు కుర్చీలోనే నిద్రపోయారని చిలకమ్మ చెబితే నీలకంఠం కంగారుపడ్డాడు. పాపం, నిద్ర చెడకూడదు. ఈ గోల ఆపాలి. వీధి ఆ కొసనుంచి ఈ కొసదాకా అందరికీ ఒకేసారి చెప్పే సాధనం ఒకటే ఉంది. మైకుసెట్టు ఎల్లాజీని కేకేసి గోనె తీయించాడు.

"వీదిలో వున్న పెద్దలకి, పిన్నలకి మనవి! బాబుగోరు పడుకున్నారు! ఎవరూ అల్లరి సెయ్యకండి! మల్లీ సెప్తన్నాను! బాబుగోరు పడుకున్నారు!"

రెండు మైకుల్లోంచీ ఒకేసారి వచ్చింది. భీమశంకరరావు కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"వాళ్లేరీ?"

"వెళ్లిపోయారు," అంది కనకరత్నం. "ఇల్లు ఆయనకు నచ్చింది. ఆవిడకు నచ్చలేదు. గుమ్మం దిగుతూ మొగుడితో అంటోంది. క్వార్టరులో పొద్దస్తమానం గోడలతో మాట్లాడి మాట్లాడి విసిగిపోయానండీ, ఇక్కడ మనుషులు కూడా గోడల్లాగే ఉన్నారు, నాకొద్దు అని. మైలపడ్డ వీధిలా ఉందంది."

భీమశంకరరావు గబగబా బయటికొచ్చాడు. అరుగు ముందు నీలకంఠం, ఎల్లాజీ, దేముడమ్మ, ఇంకా సగం వీధి నిలబడి ఉన్నారు. శుభవార్త వినడానికి వచ్చినవాళ్లలా ఉన్నారు.

"ఏటైంది బాబూ?" అన్నాడు నీలకంఠం. "ఒక్కలం గాని నోరిప్పనేదు."

"అదే అయింది! నోరిప్పలేదని పోయారు!" పదకొండేళ్ల మర్యాద ఆ ఒక్క మాటతో ఊడింది. ఇక ఆగలేదు. "నాకు వాస్తూ లేదు, గీస్తూ లేదండీ. నాకు నిద్ర లేదు! రాత్రంతా క్రేను మీద కూర్చుని వస్తాను. పగలంతా మీ మైకు నా నెత్తి మీద కూర్చుంటుంది. ఒకటి చాలదని రెండోది కట్టారు! ఎందుకు కట్టారండీ?"

"మర్యాదకి కట్టినాం," అన్నాడు నీలకంఠం. అతని మొహం పాలిపోయింది. "పదకొండేళ్లూ సెప్పనేదేటి బాబూ? బలేగుంది, బలేగుంది అన్నారు కదా?"

"అంటాం మరి! మా వైపు అలాగే అంటాం!"

"నిద్రకోసం ఇల్లు అమ్ముకుంటారేటి ఎవలైనా?"

"క్రేను కింద మనుషులుంటారు నీలకంఠంగారూ. నాకు రెప్ప పడితే వాళ్ల మీద పడుతుంది బరువు. ఆషాఢంలో ఒకసారి పడింది."

దేముడమ్మ కొంగు నోట్లోకి తీసుకుంది. ఆమె కొడుకు హార్బరులో కలాసీ.

"మా అప్పలసూరి వుంటాడు బాబూ ఆ కింద," అంది.

"అందుకే చెబుతున్నాను."

నీలకంఠం గొంతు సవరించుకున్నాడు. "ఐతే బాబూ, మైకులు ఇప్పుడే ఊడదీయించేత్తాను. గౌరమ్మని మా ఇంటికి తీసికెల్తాం. రేపట్నించి వీది వీదంతా మీకు కాపలా కాత్తాది. నిద్ర పట్టిందో నేదో పూట పూటా నానే ఒచ్చి కనుక్కుంటాను."

భీమశంకరరావుకు అది కళ్లకు కట్టింది. నీలకంఠం వస్తాడు. తరవాత దేముడమ్మ వస్తుంది. నిద్ర పట్టడానికి గసగసాలు నూరి చిలకమ్మ తెస్తుంది. నిద్ర పట్టిందా బాబూ అని తలుపు తట్టి లేపి అడుగుతారు.

"వద్దు," అన్నాడు. "ముందు మైకు వెయ్యండి."

"ఏటీ?"

"మైకు వెయ్యండి. రెండూ. బస్సు స్టాపు దాకా వినిపించాలి. పిల్లల్ని అరవమనండి. దేముడమ్మా, మీరు ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

ఎల్లాజీ నీలకంఠం మొహంలోకి చూశాడు. నీలకంఠానికేమీ అర్థం కాలేదు. అయినా తల ఊపాడు. భీమశంకరరావు సైకిలు తీశాడు.

బస్సు స్టాపులో దొరబాబు, పద్మావతి నిలబడి ఉన్నారు. గాజువాక బస్సు ఇంకా రాలేదు. భీమశంకరరావు సైకిలు దిగి ఆయాసపడుతుండగానే మైకు మొదలైంది. ముందు గరగర, తరవాత ఎల్లాజీ దగ్గు, ఆ తరవాత డప్పులు, ఆడవాళ్ల పాట.

పద్మావతి అటు తిరిగింది. "ఎక్కడండీ అది?"

"మా వీధిలోనేనమ్మా. నేను ఇందాక అబద్ధం చెప్పాను. ఆ మైకు మా పిట్టగోడ మీదే ఉంది. వెనక ఇంకోటి కూడా ఉంది. ఇల్లు అమ్ముడుపోవాలని మా వాళ్లు మీకోసం నోరు మూసుకున్నారు. లేకపోతే వాళ్లు ఊరుకునే బాపతు కాదు."

"రోజూ ఇంతేనా?"

"కార్తీకం నెల్లాళ్లూ ఇంతే. గౌరమ్మ మన అరుగు మీదే కూర్చుంటుంది. ఇంటాయన ఆమెకు తండ్రి, ఇంటావిడ తల్లి. పగలు తలుపు వేస్తే ఊరుకోరు. సంక్రాంతికి ముగ్గులు వాకిలి దాటి వంటింట్లోకి వస్తాయి. ఎండాకాలం నూకాలమ్మ పండక్కి ఊరివాళ్లందరి చుట్టాలూ మన నూతి దగ్గరే స్నానం చేస్తారు. వినాయక చవితి, దసరా నేను చెప్పక్కర్లేదు. మీరేం కూర వండారో పొయ్యి దించకముందే ఎదురింటి దేముడమ్మకు తెలుస్తుంది. బాలేదని చెబుతుంది కూడా."

ఇన్ని కష్టాలు ఒక్కచోట పోగేసి అతను ఎప్పుడూ చూసుకోలేదు. ఇది విని ఎవరు కొంటారు?

పద్మావతి మొగుడికేసి చూసింది. దొరబాబు ఆమెకేసి చూశాడు.

"అయితే మీరెందుకు వెళ్లిపోతున్నారండీ?" అంది.

"నాకు రాత్రి షిఫ్టమ్మా. పగలు నిద్ర కావాలి." ఆ రోజు ఆ మాట అనడం అది రెండోసారి. మొదటిసారి అంత కష్టం కాలేదు. "మీ ఆయనకి పగటి డ్యూటీయే కదా?"

"జనరల్ షిఫ్టేనండీ," అన్నాడు దొరబాబు.

గాజువాక బస్సు వచ్చింది. కండక్టరు వీళ్లకేసి చూసి ఈల వేశాడు. ఎవరూ ఎక్కలేదు. బస్సు పోయింది. పద్మావతి అప్పటికే మైకు వినిపిస్తున్న వైపు నడుస్తోంది.

సైకిలు నడిపించుకుంటూ భీమశంకరరావు ముందు మలుపు తిరిగాడు. అతని వెనక పద్మావతి చీర కనిపించింది. దూరాన్నుంచి నీలకంఠం అది చూశాడు. బేరం తిరిగొచ్చింది! అతను ఇంకేమీ ఆలోచించలేదు. రెండు చేతులూ పైకెత్తి వీధికి సైగ చేశాడు. ఎల్లాజీ మైకు ఆపేశాడు. ఆడవాళ్లు పాట మధ్యలో నోరు మూశారు. ఇద్దరు పిల్లల్ని ఎవరో రెక్క పుచ్చుకుని షెడ్డులోకి తోస్తున్నారు.

భీమశంకరరావు సైకిలు వదిలేశాడు. అది నడివీధిలో పడింది.

"ఆపకండయ్యా! ఎవరు ఆపమన్నారు మిమ్మల్ని? వెయ్యండి!"

నీలకంఠం చేతులు పైనే ఉండిపోయాయి. "నిద్ర నేక బాబుగోరికి మతి పోయినట్టుందిరా ఎల్లాజీ," అన్నాడు. "మైకు ఏసీరా."

ఎల్లాజీ వేశాడు. రెండు మైకులూ ఒకేసారి అందుకున్నాయి. పద్మావతి నేరుగా వెళ్లి దేముడమ్మ పక్కన అరుగు మీద చతికిలబడింది. "ఇప్పుడైనా చెబుతారా పిన్నిగారూ, గౌరమ్మను ఎన్నాళ్లుంచుతారో?" దేముడమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచి బిగబట్టి ఉంచినవన్నీ చెప్పింది. చిలకమ్మ ఇంకోపక్క చేరి, ఆ చీర ఎక్కడ కొన్నదీ, పుట్టిల్లు ఎక్కడన్నదీ, పెళ్లై ఎన్నేళ్లయిందన్నదీ అడిగింది. పద్మావతి అన్నిటికీ జవాబు చెప్పి, తనూ నాలుగు అడిగింది.

దొరబాబు కాసేపు అది చూస్తూ నిలబడ్డాడు. తరవాత భీమశంకరరావు దగ్గరగా వచ్చాడు.

"ఎప్పుడు రాయించుకుందామండీ?"

"అమావాస్య లోపల," అన్నాడు భీమశంకరరావు.

దొరబాబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మైకులో వినపడలేదు.

"అమావాస్య లోపలండీ!" అని భీమశంకరరావు మళ్లీ అరిచి చెప్పాడు.